చందాదారు అంటే ఎవరు?

మన అవుకు చుట్టుపక్కల ఊళ్ళలో 'దారు' అనే రెండక్షరాలతో ముగిసే మాటలు చాలా ఉన్నాయి. పొలం పాసుపుస్తకంలో పట్టాదారు. కాలువ కింద ఆయకట్టుదారు. ఒకరి పొలాన్ని గుత్తకు చేసేవాడు కౌలుదారు. బ్యాంకులో ఖాతాదారు. చౌకధరల దుకాణంలో కార్డుదారు. ఈ మాటల అర్థం మనకు ఏ పంతులుగారూ చెప్పలేదు. ఇళ్ళలో, రచ్చకట్టల మీద, తాలూకాఫీసు మెట్ల దగ్గర విని నేర్చుకున్నాం. పట్టాదారుకూ కౌలుదారుకూ తేడా ఏమిటో మన హాస్టల్లో ఆరో తరగతి పిల్లవాడినడిగినా చెబుతాడు.

ఇదే వరుసలో ఇంకొక మాట ఉంది. అది చందాదారు. నేడు మనలో ప్రతి ఒక్కరమూ ఏదో ఒక సేవకు చందాదారులమే. పెద్ద తరగతుల వాళ్ళ చేతిలో సెల్లు ఉంది. చిన్న తరగతుల వాళ్ళకు ఇంట్లో అమ్మానాన్నల సెల్లు ఉంది. ఇంట్లో గ్యాసు ఉంది, కేబుల్ టీవీ ఉంది, కరెంటు సర్వీసు ఉంది. అయినా 'చందాదారు అంటే ఎవరు? అతనికి ఏముంటుంది, ఏముండదు?' అని అడిగితే మనలో చాలామంది తడబడతాం. తెలియకపోవడం వల్ల డబ్బు పోతుంది. ఒక్కొక్కసారి స్కాలర్‌షిప్పు కూడా ఆగిపోతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం మీద మాకు తెలిసినంత వరకు రాస్తున్నాం.

మాట ఎక్కడిది?

'చందా', 'దారు' రెండూ పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాటలు. 'దారు' అంటే కలిగినవాడు. చందా అంటే పలువురు తలా కొంత వేసుకునే సొమ్ము. వినాయక చవితికి, శ్రీరామనవమికి ఊళ్ళో వసూలు చేసేదీ చందాయే. ఇంగ్లీషులో దీనికి సరిపోయే మాట సబ్‌స్క్రైబర్. లాటిన్‌లో దాని అసలు అర్థం 'కింద రాసేవాడు', అంటే కాగితం అడుగున సంతకం పెట్టేవాడు.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం సగం తెలిసిపోతుంది. తెలుగు మాట మనం ఇచ్చే డబ్బును చెబుతోంది. ఇంగ్లీషు మాట మనం పెట్టే సంతకాన్ని చెబుతోంది. చందాదారు చేసేవి ఈ రెండు పనులే. ఒకటి, గడువు ప్రకారం సొమ్ము కట్టడం. రెండు, ఎదుటివాడి షరతులకు ఒప్పుకొని కింద సంతకం పెట్టడం. మనం మొదటి పనిని గుర్తుపెట్టుకుంటాం, రెండవదాన్ని మరిచిపోతాం. సెల్లులో 'నేను అంగీకరిస్తున్నాను' అన్న గడి మీద వేలు పెట్టడం కూడా సంతకం పెట్టడమే.

పత్రికల చందా

తెలుగునాట చందాదారు అన్న మాటకు గౌరవం తెచ్చినవి పత్రికలు, గ్రంథమాలలు. కృష్ణా పత్రిక 1902లో, ఆంధ్రపత్రిక 1908లో మొదలయ్యాయి. ఆనాటి పత్రికకు పెట్టుబడి తక్కువ, ప్రకటనలు తక్కువ. సంవత్సర చందా ముందుగా పంపిన పాఠకుడే దానికి బలం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం తెలుగులో చదువుకోవడానికి ఆ మండలి వీలు కల్పించింది. దాని మొదటి పుస్తకం అబ్రహాం లింకను చరిత్ర. రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆయన 1883లో మన కర్నూలులోనే పుట్టారు. తర్వాతి కాలంలో గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు.

పత్రిక చందాలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. చందా అయిపోయినా, వచ్చిన సంచికలు మన ఇంట్లోనే ఉంటాయి. పాత చందమామలను అట్టలు వేసి దాచుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు అచ్చులో రావడం లేదు, కాని ఆ బౌండు పుస్తకాలు ఉన్నాయి. నేటి సెల్లులోని చందాలు అలాంటివి కావు. గడువు తీరిన మరుక్షణం పాటా లేదు, పాఠమూ లేదు. కట్టిన డబ్బుకు మిగిలే వస్తువేదీ ఉండదు. వెనుకటి చందాదారు కొనుగోలుదారు కూడా. నేటి చందాదారు కౌలుదారు వంటివాడు. గుత్త కట్టినంతకాలం పొలం అతనిది. కట్టకపోతే గట్టు దాటి బయటికి రావలసిందే.

సిమ్ములో 'స' ఎవరు?

మనం రోజూ పలికే 'సిమ్' అన్న మాటలో మొదటి అక్షరమే సబ్‌స్క్రైబర్. 'చందాదారుని గుర్తించే భాగం' అని దాని అర్థం. మొదటి సిమ్ములు 1991లో జర్మనీ కంపెనీ ఒకటి తయారు చేసింది. ఫోను మనది, కొన్నాం. కాని సిమ్ములోని నంబరు మన ఆస్తి కాదు. దాన్ని వాడుకునే హక్కు మాత్రమే మనది. అది కూడా షరతులతో.

ఇక్కడ మూడు లెక్కలు తెలుసుకోవాలి.

మొదటిది 28 రోజుల లెక్క. నెల రీఛార్జి అని మనం అనుకునేది చాలా ప్లాన్లలో 28 రోజులే. 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జీలు. ఈ విషయం మీద ఫిర్యాదులు వచ్చాక టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటైనా, ప్రతి నెలా ఒకే తేదీన చేసుకునే ప్లాను ఒకటైనా ఉంచాలన్నది. అవి ఉన్నాయి. దుకాణం వాడు తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి. అలాగే 2024 డిసెంబరులో ట్రాయ్ ఇంకొక సవరణ చేసింది. ఇంటర్నెట్టు అక్కరలేని వారి కోసం మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే వోచర్లు కంపెనీలు తప్పక అమ్మాలి. వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చు. బటన్ల ఫోను వాడే మన అమ్మలకు, అవ్వలకు ఇది పనికొచ్చే సంగతి.

రెండవది 90 రోజుల లెక్క. ప్రీపెయిడ్ నంబరు మీద 90 రోజుల పాటు కాల్, మెసేజీ, డేటా ఏదీ వాడకపోతే కంపెనీ దాన్ని తీసివేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలు ఉంటే ఆ మొత్తం మినహాయించుకొని నంబరును నిలిపే పద్ధతిని ట్రాయ్ ఏర్పాటు చేసింది. తీసివేసిన నంబరును మరో 90 రోజుల తర్వాత కొత్తవారికి ఇస్తారు. 2023 నవంబరులో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పాత నంబరు మీద ఉన్న వాట్సాప్ సమాచారాన్ని తుడిచివేసుకోవలసిన జాగ్రత్త చందాదారుదేనని కోర్టు అన్నది.

ఇందులో మన విద్యార్థులకున్న ప్రమాదం చెబుతాం. మన ఆధార్‌కు ఒక నంబరు కలిపి ఉంటుంది. బ్యాంకు ఖాతాకు ఒక నంబరు. జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఒక నంబరు. ఆఫర్‌లో సిమ్ తక్కువకు వస్తోందని పాతది పడవేసి కొత్తది తీసుకుంటే, ఆరు నెలలకు ఆ పాత నంబరు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతికి పోతుంది. మన ఓటీపీ అతనికి వెళుతుంది. మనం మాత్రం మీసేవ దగ్గర, బ్యాంకు దగ్గర క్యూలో నిలబడి ఉంటాం. కంపెనీ మార్చాలంటే నంబరు వదులుకోనక్కరలేదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు మనకుంది. పోర్ట్ అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, మన పది అంకెల నంబరు వేసి 1900కు మెసేజీ పంపితే కోడ్ వస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, బాకీ ఉండకూడదు. అంతే.

మూడవది, మనం అడగని సేవల లెక్క. మా బ్యాచ్‌లో ఒక మిత్రుని తల్లిగారు కూలిపనికి వెళతారు. ఆమె బటన్ల ఫోనులో వేసిన డబ్బు నాలుగు రోజులకే అయిపోయేది. ఎవరికీ ఎక్కువగా ఫోను చేసేవారు కాదు. సెలవులకు వెళ్ళినప్పుడు చూస్తే, కాలర్ ట్యూన్ అని, జ్యోతిషం అని రెండు సేవలు నడుస్తున్నాయి. ఏదో మెసేజీ వస్తే తీసివేయడానికి బటను నొక్కిందట. అదే అంగీకారం అయింది. ఆమె సంతకం పెట్టానని ఎరగదు, కాని చందాదారు అయిపోయింది. ఇలాంటివి దేశమంతటా జరగడంతో 2013 జూలైలో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఏ అదనపు సేవకైనా చందాదారు నుంచి రెండుసార్లు స్పష్టమైన అంగీకారం తీసుకోవాలి. ఆపివేయడానికి 155223 అనే ఉచిత నంబరు ఉండాలి. ఈ నంబరును మీ ఇంటి గోడ మీద రాసిపెట్టండి.

గ్యాసు, కరెంటు

గ్యాసు కనెక్షను తీసుకున్నప్పుడు ఇచ్చే కాగితం పేరు ఎప్పుడైనా చదివారా? దాని పేరు సబ్‌స్క్రిప్షన్ వోచర్. అంటే చందా పత్రం. సిలిండరు, రెగ్యులేటరు మన ఇంట్లోనే ఉంటాయి గాని మనవి కావు, కంపెనీవి. మనం కట్టింది డిపాజిట్టు. కనెక్షను వదులుకుంటే వోచరు చూపి, సామాను అప్పగించి, ఆ డిపాజిట్టు వాపసు తీసుకోవచ్చు. 1999లో మన రాష్ట్రంలో మొదలైన దీపం పథకం, 2016 మే 1న దేశమంతటికీ వచ్చిన ఉజ్జ్వల పథకం పేద ఇళ్ళకు చేసిన మేలు ముఖ్యంగా ఇదే. ఆ మొదటి డిపాజిట్టు భారాన్ని ప్రభుత్వం మోసింది. తర్వాత ప్రతి సిలిండరుకూ డబ్బు కట్టవలసింది మనమే. తలుపు తెరవడం ఒక ఎత్తు, లోపల నిలవగలగడం మరొక ఎత్తు. ఇంటికి వచ్చే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉండాలి. తూచి చూపమని అడగడం మన హక్కు.

కరెంటు కనెక్షనును మన ఊళ్ళలో 'సర్వీసు' అనే అంటాం. బిల్లు మీద ఉండేది సర్వీసు నంబరు. సేవ అన్న మాట మన ఇంటి గోడకున్న మీటరు దాకా వచ్చిందన్నమాట. ఆ సర్వీసు ఎవరి పేరు మీద ఉందన్నది ముఖ్యం. తాతగారు పోయి ఇరవై ఏళ్ళయినా చాలా ఇళ్ళలో సర్వీసు ఆయన పేరు మీదే నడుస్తుంటుంది. వాడుకునేవాడు వేరు, చందాదారు వేరు. రాయితీ వచ్చినా, తగాదా వచ్చినా, కాగితం మీద పేరున్నవాడినే అడుగుతారు. కరెంటు ఫిర్యాదులకు 1912 నంబరు ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. కరెంటు ఇవ్వడం దయ కాదు, నిర్ణీత ప్రమాణాలతో చేయవలసిన సేవ అని అవి చెబుతున్నాయి.

చీటీలో చందాదారు

చట్టం కూడా చందాదారు అని పిలిచే మరొక మనిషి చీటీ వేసినవాడు. 1982 చిట్‌ఫండ్ చట్టంలో ఆ మాటే ఉంది. ఇరవైమంది నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలలు కడితే అది ఇరవై వేల చీటీ. ఒక నెల పాటలో ఒకరు 4,000 తగ్గించుకొని 16,000 తీసుకున్నారనుకుందాం. 2019 సవరణ ప్రకారం నిర్వాహకుడి కమిషన్ 7 శాతానికి మించకూడదు. అంటే 1,400. మిగిలిన 2,600 ఇరవైమందికి పంచితే తలా 130. ఇక్కడ చందాదారులే ఒకరికొకరు సేవ చేసుకుంటున్నారు. అందుకే పక్కవాడు ఎవరో, నిర్వాహకుడు ఎవరో, రిజిస్ట్రేషను ఉందో లేదో చూసుకోవాలి. నమ్మకం మీద నడిచే చీటీలో కాగితం లేకపోతే, ఎగవేత జరిగిన రోజున మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

తలుపులు లేని వాకిలి, గడియ ఉన్న గుమ్మం

ఇప్పుడు పోటీపరీక్షల కోచింగు కూడా యాపుల్లో చందా మీద వస్తోంది. మొదటి నెల ఉచితం అంటారు, లేదా ఒక రూపాయి అంటారు. దానికోసం మన బ్యాంకు నుంచి ప్రతి నెలా డబ్బు తీసుకునే ఆటోపే అనుమతి తీసుకుంటారు. చేరడానికి ఒక నొక్కు చాలు. మానుకోవాలంటే ఆ గడి ఎక్కడుందో వెతికినా దొరకదు. దీనికి 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక పేరు పెట్టింది. చందా ఉచ్చు. వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఒకటి. అంతకుముందే 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం అమల్లోకి వచ్చింది. కార్డు నుంచి పదే పదే పోయే డబ్బు గురించి కార్డు ఇచ్చిన బ్యాంకు కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలి. ఆ మెసేజీని చదవకుండా తుడిచేయకండి. డబ్బు పోకముందు మనకున్న ఆఖరి అవకాశం అదే.

సేవలో లోపం ఉంటే

చందాదారు వినియోగదారు కూడా. కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం అతనికి వర్తిస్తుంది. ఒకప్పుడు టెలిఫోను తగాదాలను వినియోగదారుల ఫోరాలు వినకూడదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు వేరొక కేసులో, టెలికాం కంపెనీల మీద కూడా వినియోగదారుల కమిషన్లకు వెళ్ళవచ్చని తీర్పు ఇచ్చింది. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషనులో ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. అంతకుముందు చేయవలసిన పని, కంపెనీకి ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవడం. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయడం.

మనం హాస్టల్‌కు చందాదారులమా?

చివరగా ఒక ప్రశ్న. ఈ హాస్టల్లో మనం అన్నం తింటున్నాం, పడుకుంటున్నాం, చదువుకుంటున్నాం. మనం దీనికి చందాదారులమా? కాదు. మనం చందా కట్టలేదు, కాబట్టి గడువు తీరదు. ఇది రాజ్యాంగం చూపిన దారిలో ప్రభుత్వం మనకు చేయవలసిన పని. చందాదారు అడగగలిగేది కట్టిన డబ్బుకు తగిన సేవ. పౌరుడు అడగగలిగేది తన హక్కు. ఊరి గ్రంథాలయమూ ఇలాంటిదే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళుతుంది. ఇల్లున్న వాడు కట్టిన ఆ పైసలతో ఇల్లు లేనివాడి పిల్లలు కూడా పేపరు చదువుకుంటారు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నామంటే, నేడు చాలా విషయాలు హక్కు వైపు నుంచి చందా వైపు జరుగుతున్నాయి. వీధి కొళాయి నీళ్ళు తాగే ఊళ్ళో ఇప్పుడు ప్లాంటు నీళ్ళ క్యాను కొంటున్నాం. ఎన్టీఆర్ సుజల కింద 2014లో 20 లీటర్లు 2 రూపాయలకు ఇస్తామన్నప్పుడు అందరూ మంచిదే అన్నారు, చౌకే. కాని ఆ రెండు రూపాయలు కూడా లేని రోజు ఒకటి ప్రతి పేద ఇంట్లోనూ వస్తుంది. హక్కుగా వచ్చే నీళ్ళు ఆ రోజు కూడా వస్తాయి, చందా మీద వచ్చే నీళ్ళు రావు. చదువు విషయంలోనూ ఇదే మాట. యాపు చందా కట్టగలిగినవాడు కట్టుకోవచ్చు, తప్పులేదు. కాని దాని పేరు చెప్పి హాస్టల్లో ట్యూటరు అక్కరలేదనో, గ్రంథాలయంలో పుస్తకాలు అక్కరలేదనో ఎవరైనా అంటే మనం ఒప్పుకోకూడదు. మన ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం చందాలు కట్టి రాలేదు. హక్కుగా వచ్చిన హాస్టలు గదిలో, హక్కుగా వచ్చిన పుస్తకాలతో వచ్చాం.

గుర్తుంచుకోవలసినవి

1. ఆధార్‌కు, బ్యాంకుకు, స్కాలర్‌షిప్పుకు ఇచ్చిన నంబరును చదువు పూర్తయ్యేదాకా మార్చకండి. కంపెనీ నచ్చకపోతే పోర్ట్ చేసుకోండి.
2. సిమ్ ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోండి. సంచార్ సాథీ వెబ్‌సైటులో మన పేరు మీద ఉన్న నంబర్లన్నీ చూడవచ్చు. మనవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.
3. 'ఉచితం' అన్న చోట, ఎన్నాళ్ళు ఉచితం, ఆ తర్వాత నెలకు ఎంత అని చూడండి. మానుకునే దారి తెలిశాకే చేరండి.
4. యూపీఐ యాపులో ఆటోపే అన్న చోటు తెరిచి, అక్కరలేనివి రద్దు చేయండి.
5. గ్యాసు వోచరు, కరెంటు బిల్లు, చీటీ పుస్తకం ఒకే సంచిలో భద్రంగా పెట్టమని ఇంట్లో చెప్పండి.
6. 155223, 1900, 1912, 1915 నంబర్లు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఫోను ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఆమె పేరు మీద ఏయే సేవలు నడుస్తున్నాయో చూడండి. అక్కరలేనివి ఆపి, మిగిలిన వాటి గడువు ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. చదువుకున్న మనం ఇంటికి చేయగలిగిన పనుల్లో అది కూడా ఒకటి. డిగ్రీ పట్టా వచ్చేదాకా దానికోసం ఆగనక్కరలేదు.